ఊళ్ళో ఏ వేరియంట్ తిరుగుతోంది? స్వాబ్ నుంచి సీక్వెన్స్ దాకా

జిల్లా ఆర్‌టీపీసీఆర్ ల్యాబ్ ఫ్రీజర్‌లో పాజిటివ్ శాంపిళ్ళకు కొదవ ఉండదు. చేతికందిన 40 ట్యూబులు తీసి సీక్వెన్సింగ్‌కు (వైరస్ జన్యు అక్షరాలను వరసగా చదవడానికి) పంపితే 40 జీనోమ్‌లు (జన్యు అక్షరాల పూర్తి వరసలు) వచ్చేస్తాయి. వాటిని బట్టి జిల్లాలో ఏ రకం ఎంత శాతం ఉందో మాత్రం చెప్పలేం. ఆ 40లో పాతిక ఒకే హాస్టల్‌వి కావచ్చు, మిగతావి ఒకే ఆసుపత్రి ఐసీయూవి కావచ్చు. సీక్వెన్సర్ ఈ సంగతి పట్టుకోదు. అందుకే కరోనా వైరస్ (సార్స్-కోవ్-2) మీద పనిచేసే జిల్లా ల్యాబ్‌ల కోసం రాసిన ఈ పద్ధతిలో ఎక్కువ చోటు శాంపిల్ ఎంపికకు, ప్రైమర్లకు (పెంచాల్సిన ముక్క రెండు చివర్లా అతుక్కునే చిన్న డీఎన్‌ఏ తునకలు), ఫలితం చదవడానికి పోయింది. మెషిన్ నడపడం కిట్‌తో వచ్చే కాగితం చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు.

శాంపిల్ ఎంపిక

శాంపిళ్ళను మొదటిరోజే మూడు బుట్టలుగా విడదీయండి. ఒకటి సెంటినెల్: వారంలో వచ్చిన పాజిటివ్‌లలోంచి లాటరీ పద్ధతిలో తీసినవి. రెండోది లక్షిత శాంపిళ్ళు: విదేశాల నుంచి వచ్చినవారు, రెండోసారి సోకినవారు, టీకా వేసుకున్నా ఆసుపత్రి పాలైనవారు, నెలల తరబడి పాజిటివ్‌గా ఉన్న రోగనిరోధక శక్తి తగ్గినవారు. మూడోది క్లస్టర్: ఒకే పెళ్ళి, ఒకే హాస్టల్, ఒకే వార్డు. కొత్త రకం ముందుగా కంటపడేది రెండో బుట్టలోనే. కానీ శాతాలు లెక్కగట్టాల్సింది మొదటి బుట్ట నుంచి మాత్రమే. రిపోర్టుల్లో మేం చూసే తప్పుల్లో సగం ఈ మూడింటినీ కలిపేయడం వల్ల వచ్చినవే.

ఎన్ని కావాలి? జిల్లాలో 1 శాతం వాటా ఉన్న రకాన్ని 95 శాతం నమ్మకంతో కనీసం ఒక్కసారైనా పట్టుకోవాలంటే 299 శాంపిళ్ళు చదవాలి. 2 శాతానికి 149, 5 శాతానికి 59 సరిపోతాయి. లెక్క తేలికే: ఆ రకం వాటా పి అయితే, ఎన్ శాంపిళ్ళలోనూ అది ఒక్కసారి కూడా తగలకపోయే అవకాశం (1-పి)ని ఎన్ సార్లు గుణిస్తే వస్తుంది. ఆ విలువ 0.05 కన్నా తగ్గాలి. దీన్నే తిప్పి చదివితే, 30 చదివి ఒక్కటీ దొరకలేదంటే ఆ రకం లేదని అర్థం కాదు. 10 శాతం దాకా ఉండి కూడా తప్పించుకుని ఉండొచ్చు. యంత్రం దగ్గర ఫెయిలయ్యేవి ఉంటాయి కాబట్టి కావలసిన సంఖ్యకు 15 నుంచి 20 శాతం కలిపి తీయండి.

2020 డిసెంబర్‌లో ఇన్సాకాగ్ (దేశంలోని సీక్వెన్సింగ్ ల్యాబ్‌ల కూటమి) ఏర్పడినప్పుడు పాజిటివ్‌లలో 5 శాతం సీక్వెన్స్ చేయాలన్నది లక్ష్యం. కేసులు వేలల్లో వచ్చే వారంలో ఆ 5 శాతం ల్యాబ్ చేతికి మించిపోతుంది. కేసులు పదుల్లో ఉన్న వారంలో దాంతో ఏమీ తెలియదు. 2021 మధ్యలో సెంటినెల్ పద్ధతికి మారడానికి కారణం ఊహించడం కష్టం కాదు: ప్రతి కేంద్రం 15 రోజులకోసారి ఒక నిర్ణీత సంఖ్యలో శాంపిళ్ళు పంపితే పని భారం ఊగిసలాడదు, వారానికీ వారానికీ పోలికా కుదురుతుంది.

లాటరీ అంటే పెద్ద తతంగం కాదు. వారం పాజిటివ్‌ల జాబితాను ఎక్సెల్‌లో పెట్టి, పక్క కాలమ్‌లో ర్యాండ్ ఫంక్షన్ వేసి, ఆ అంకెల వరసలో సర్దితే పైనున్న 40 మీవి. మండలాల వారీగా కోటా పెట్టుకుంటే ఇంకా మంచిది. లేకపోతే జిల్లా కేంద్రమే జాబితా అంతా మింగేస్తుంది. సీటీ విలువ (ఆర్‌టీపీసీఆర్‌లో వైరస్ కనపడ్డానికి పట్టిన సైకిళ్ళ సంఖ్య, అది తక్కువుంటే వైరస్ ఎక్కువ) 25 లోపు ఉన్నవి హాయిగా చదవబడతాయి. 28 దాకా లాగవచ్చు. 30 దాటితే జీనోమ్‌లో చిల్లులు పడతాయి. అయితే తక్కువ సీటీ ఉన్నవే ఏరుకోవడం కూడా ఒక పక్షపాతమే: ముక్కులో ఎక్కువ వైరస్ పెంచే రకం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఒక కిట్ ఇచ్చే 25, ఇంకో కిట్ ఇచ్చే 25 ఒకటి కావు కాబట్టి కిట్ పేరు కూడా రాసి పెట్టుకోండి.

ట్యూబు మీద, కాగితం మీద

వీటీఎంలో (వైరస్‌ను నిలిపి ఉంచే ద్రవంలో) తీసిన స్వాబ్ 2 నుంచి 8 డిగ్రీల చలిలో 72 గంటలు ఆగుతుంది. అంతకు మించితే మైనస్ 70 లేదా మైనస్ 80లోకి వెళ్ళాలి. మైనస్ 20 ఫ్రీజర్ నమ్ముకోకండి. గడ్డకట్టి కరగడం రెండుసార్లకు మించితే ఆర్‌ఎన్‌ఏ తునకలైపోతుంది. ఆర్‌టీపీసీఆర్‌కు 100 అక్షరాల ముక్క చాలు కాబట్టి అక్కడ తేడా తెలియదు. ఇక్కడ 400 అక్షరాల ముక్క చెక్కుచెదరకుండా దొరకాలి. "సీటీ 22 ఉంది, అయినా సీక్వెన్స్ రాలేదు" అన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఫ్రీజర్‌కు కరెంటు ఎప్పుడెప్పుడు పోయిందని.

నంబరు మూత మీద రాయొద్దు, ట్యూబు పక్కన రాయండి. హడావుడిలో మూతలు మారిపోతాయి. వివరాల్లో తప్పనిసరి ఆరు: స్వాబ్ తీసిన తేదీ, మండలం లేదా వార్డు, వయసు, లింగం, సీటీ విలువ, ఏ బుట్ట. ఏ బుట్టలోదో రాయని శాంపిల్ శాతం లెక్కలోకి రాదు, జీనోమ్ ఎంత చక్కగా వచ్చినా సరే. తేదీ అంటే స్వాబ్ తీసిన తేదీ. రిపోర్టు తేదీ కాదు, సీక్వెన్స్ చేసిన తేదీ అసలే కాదు. తేదీని 2024-04-03 అని సంవత్సరంతో మొదలుపెట్టి రాయండి. 03/04 అని రాస్తే ఒక కంప్యూటర్ ఏప్రిల్ 3 అంటుంది, ఇంకోటి మార్చి 4 అంటుంది. అప్పుడు కొత్త రకం జిల్లాలోకి రాకముందే వచ్చేసినట్టు గ్రాఫ్ గీస్తుంది.

ల్యాబ్‌లో

వైరస్ జీనోమ్ 29,903 అక్షరాల పొడవు. దాన్ని నేరుగా చదవలేం కాబట్టి 400 అక్షరాల ముక్కలుగా పెంచి చదువుతాం. ఎక్కువమంది వాడేది ఆర్టిక్ ప్రైమర్ల పద్ధతి. దాని నాలుగో వెర్షన్‌లో 99 ముక్కలున్నాయి. పక్కపక్క ముక్కలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. అన్నింటినీ ఒకే ట్యూబులో పెంచితే ఆ ఎక్కిన చిన్న భాగమే ముందు పెరిగి మిగతావాటిని తినేస్తుంది. అందుకే సరి సంఖ్య ముక్కలు ఒక పూల్‌లో, బేసి సంఖ్య ముక్కలు ఇంకో పూల్‌లో.

మొదట ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏ (దాని డీఎన్‌ఏ నకలు) చేయాలి. 8 మైక్రోలీటర్ల ఆర్‌ఎన్‌ఏకు 2 మైక్రోలీటర్ల లూనాస్క్రిప్ట్ సూపర్‌మిక్స్ కలిపి 25 డిగ్రీల వద్ద 2 నిమిషాలు, 55 వద్ద 10 నిమిషాలు, 95 వద్ద 1 నిమిషం ఉంచండి. తర్వాత ఒక్కో శాంపిల్‌కు రెండు పీసీఆర్‌లు, పూల్‌కు ఒకటి చొప్పున. ఒక్కో దానికి క్యూ5 హాట్ స్టార్ట్ మాస్టర్ మిక్స్ 12.5, ఆ పూల్ ప్రైమర్లు (10 మైక్రోమోలార్) 4, నీళ్ళు 6, సీడీఎన్‌ఏ 2.5, మొత్తం 25 మైక్రోలీటర్లు. 24 శాంపిళ్ళ ప్లేటుకు ఒక్కో పూల్‌కు 26 పీసీఆర్‌లకు సరిపడా కలపండి: 325 మాస్టర్ మిక్స్, 104 ప్రైమర్, 156 నీళ్ళు. ఒక్కో గుంటకు 22.5 పోస్తే చివరి గుంటకు కొరత రాదు. 98 డిగ్రీల వద్ద 30 సెకన్లు, ఆ తర్వాత 98 వద్ద 15 సెకన్లు, 63 వద్ద 5 నిమిషాలు. సీటీ 18 నుంచి 21 మధ్య ఉంటే ఇలా 25 సార్లు చాలు. అంతకన్నా బలహీనమైనవాటికి 35 దాకా వెళ్ళండి. 35 సైకిళ్ళంటే మూడు గంటల పైమాటే. సైక్లర్‌కు యూపీఎస్ లేకపోతే మధ్యలో కరెంటు పోయి ఆ ప్లేటు మొత్తం పారబోయాల్సి వస్తుంది.

తర్వాత రెండు పూల్‌లు కలపడం, బార్‌కోడ్‌లు (ఏ ముక్క ఏ శాంపిల్‌దో చెప్పే డీఎన్‌ఏ గుర్తులు) అతికించడం, బీడ్లతో (డీఎన్‌ఏను పట్టుకునే అయస్కాంతపు పూసలతో) కడగడం. ఇక్కడ కిట్‌లు ఏటా మారుతున్నాయి కాబట్టి కొలతలకు మీ కిట్ కాగితమే ప్రమాణం. రెండు హెచ్చరికలు మాత్రం ఎప్పుడూ పనికొస్తాయి. ఒకటి, బీడ్లు మరీ ఎండితే పగుళ్ళిచ్చి డీఎన్‌ఏను వదలవు. మెరుపు పోగానే నీళ్ళు పోసేయాలి. మే నెల ఏసీ గదిలో ఇది అర నిమిషంలోనే జరిగిపోతుంది. రెండు, నానోపోర్ (డీఎన్‌ఏను సన్నని రంధ్రాల గుండా పంపి చదివే యంత్రం) అడాప్టర్ అతికించాక జరిగే ఆఖరి వాష్‌లో ఇథనాల్ వాడకూడదు. అడాప్టర్ మీదున్న మోటార్ ప్రొటీన్‌ను అది చెడగొడుతుంది. అలవాటు కొద్దీ ఇథనాల్ పోసినవాళ్ళు ఫ్లోసెల్ (ఆ రంధ్రాలున్న పలక) మీద పోర్లు ఖాళీగా కూర్చోవడం చూస్తారు.

యంత్రం చదివి ఇచ్చే ఒక్కో వరసను రీడ్ అంటారు. 99 ముక్కలకు 50 వేల రీడ్లంటే సగటున ముక్కకు 500. సగటును నమ్మకండి, బలహీనమైన ముక్కకు అందులో 10 కూడా రాకపోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు మీరు పెంచిన ముక్కలే. ఒక్క చుక్కలో కోట్లాది కాపీలుంటాయి. మూత తెరిచినప్పుడు గాల్లోకి లేచి రేపటి శాంపిల్‌లో దిగుతాయి. కాబట్టి పీసీఆర్‌కు ముందు గది, పీసీఆర్ తర్వాత గది వేరువేరుగా ఉండాలి. కోటు, పైపెట్లు, టిప్‌లు వేరుగా ఉండాలి. తర్వాతి గదిలోకి వెళ్ళినవాళ్ళు ఆ రోజుకు ముందు గదికి తిరిగి రాకూడదు. ప్రతి ప్లేటులో కనీసం ఒక నెగటివ్ కంట్రోల్ పెట్టండి. దాన్ని ఆర్‌ఎన్‌ఏ తీసే దశ నుంచే నడపాలి, పీసీఆర్ దగ్గర నీళ్ళు పోసి పెట్టింది సగం కంట్రోలే. నెగటివ్‌లో రెండు మూడు ముక్కలకు మించి 20 డెప్త్ (ఒకే స్థానాన్ని చదివిన రీడ్ల సంఖ్య) దాటితే మా సలహా: ప్లేటు మొత్తం మళ్ళీ చేయండి. 2022 జనవరిలో ప్రపంచమంతా చుట్టేసిన "డెల్టాక్రాన్" వార్త గుర్తుండే ఉంటుంది. చాలామంది నిపుణులు దాన్ని ఇలాంటి కలుషితంగానే తేల్చారు. ఆ తర్వాత ఎక్స్‌బిబి లాంటి నిజమైన కలగలుపు రకాలు వచ్చాయి, అది వేరే సంగతి.

ప్రైమర్ జారిపోయినప్పుడు

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఇది అర్థమైతే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. డెల్టా వచ్చినప్పుడు చాలా ల్యాబ్‌లలో ఆర్టిక్ మూడో వెర్షన్ ప్రైమర్లు ఉండేవి. డెల్టా స్పైక్‌లో (వైరస్ పైనున్న ముల్లు ప్రొటీన్‌లో) 157, 158 స్థానాల దగ్గర 6 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి (జీనోమ్‌లో 22029 నుంచి 22034). సరిగ్గా అక్కడే 72వ ముక్క కుడి ప్రైమర్ అతుక్కోవాలి. అతుక్కోవడానికి చోటు పోయింది కాబట్టి 72వ ముక్క పెరగదు. ఇప్పుడు స్పైక్ 142వ స్థానాన్ని (జీనోమ్‌లో 21987) చూడండి. దాన్ని చదివి చెప్పాల్సింది 72వ ముక్కే. 73వ ముక్క కూడా అక్కడిదాకా వస్తుంది కానీ అక్కడున్నది దాని ఎడమ ప్రైమర్, అంటే మనం కొని పోసిన డీఎన్‌ఏ, వైరస్‌ది కాదు. ఆ ప్రైమర్‌ను కత్తిరించకుండా రీడ్లను వాడితే 142 మారలేదని జీనోమ్ చెబుతుంది. కత్తిరిస్తే అక్కడ "ఎన్", అంటే తెలియదు అని వస్తుంది. నిజానికి అక్కడ మార్పు ఉంది. డెల్టాలో ఆ మార్పు కొందరికి ఉంది, కొందరికి లేదు అని కొంతకాలం కనిపించడంలో ఈ ప్రైమర్ పాత్ర చాలా ఉంది. 2021లో వచ్చిన నాలుగో వెర్షన్ దీన్ని సరిచేసింది. ఒమిక్రాన్ కోసం 4.1 రావాల్సి వచ్చింది.

దీన్నుంచి పాటించాల్సినవి: ప్రతి ప్లేటుకూ ముక్కల వారీగా డెప్త్ పట్టిక తీసి గోడకు అంటించండి. ఒకే ముక్క చాలా శాంపిళ్ళలో ఒకేసారి సున్నా అయితే అది ల్యాబ్ తప్పు కాకపోవచ్చు, ఊళ్ళోకి కొత్త రకం దిగిందన్న తొలి కబురు కావచ్చు. ఆర్‌టీపీసీఆర్‌లోనూ ఇదే సూత్రం. ఎస్ జన్యువు లక్ష్యంగా ఉన్న కొన్ని కిట్‌లలో మిగతావి పాజిటివ్ వచ్చి ఎస్ మాత్రం రాకపోతే అది స్పైక్‌లో 69-70 తొలగింపు ఉన్న రకం కావచ్చు. 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికాలో ఒమిక్రాన్ ఎంత త్వరగా పెరుగుతోందో ఇలాగే సీక్వెన్స్ కన్నా ముందు అంచనా వేశారు. ఆ తొలగింపు లేని ఒమిక్రాన్ శాఖ బీఏ.2ను మాత్రం ఈ వల పట్టలేదు.

కంప్యూటర్ దగ్గర

రీడ్లను వుహాన్ రెఫరెన్స్ (పోలికకు వాడే మొదటి జీనోమ్) మీద సర్ది, ప్రైమర్లను కత్తిరించి, 20 డెప్త్ లేని ప్రతి స్థానంలో "ఎన్" పెట్టి కన్సెన్సస్ (ప్రతి స్థానంలో ఎక్కువ రీడ్లు చెప్పిన అక్షరాలతో కూర్చిన జీనోమ్) తీయాలి. మీరు వాడిన ప్రైమర్ వెర్షన్ ఫైలే కత్తిరించే ప్రోగ్రామ్‌కూ ఇచ్చారో లేదో రెండుసార్లు చూడండి. ప్లేటు 4.1తో చేసి, ఫైలు మూడో వెర్షన్‌ది ఇచ్చినా ప్రోగ్రామ్ కిక్కురుమనదు. తప్పుడు జీనోమ్ ఇచ్చి ఊరుకుంటుంది.

తర్వాత నెక్స్ట్‌క్లేడ్ అనే జీనోమ్ నాణ్యత చూసే ప్రోగ్రామ్‌లో పడేయండి. అందులో చూడాల్సినవి మూడు: తెలియని అక్షరాలు ఎన్ని, మిశ్రమ స్థానాలు (ఒకే చోట రెండు అక్షరాలు కనిపించేవి) ఎన్ని, ఫ్రేమ్‌షిఫ్ట్‌లు (అక్షరం పోయి లేదా చేరి ప్రొటీన్ చదువు తప్పడం) ఉన్నాయా. ఒకే శాంపిల్‌లో మిశ్రమ స్థానాలు పది దాటితే రెండు వైరస్‌లు సోకాయని సంబరపడకండి, పక్క గుంట శాంపిల్‌తో పోల్చి చూడండి. నానోపోర్‌లో ఒకే అక్షరం ఐదారుసార్లు వరసగా వచ్చేచోట ఫ్రేమ్‌షిఫ్ట్ కనిపిస్తే దాదాపు ఎప్పుడూ అది యంత్రం పొరపాటే. లీనియేజ్ (వైరస్ వంశశాఖ) పేరు ప్యాంగోలిన్ అనే ప్రోగ్రామ్ ఇస్తుంది. పేరుతో పాటు దాని డేటా వెర్షన్ కూడా రిపోర్టులో రాయాలి. 2021లో బి.1.617.2 అని వచ్చిన శాంపిళ్ళే కొన్ని నెలల తర్వాత ఏవై శాఖలుగా పేర్లు మార్చుకున్నాయి. వెర్షన్ రాయకపోతే పేరు మారిందా వైరస్ మారిందా అన్నది మీకే తెలియదు.

మురుగునీళ్ళు

జనం పరీక్షలకు రావడం మానేశాక ఊరి సంగతి చెప్పేవి మురుగునీళ్ళే. హైదరాబాద్‌లో 2020లోనే సీసీఎంబీ, ఐఐసీటీ (అక్కడి కేంద్ర పరిశోధన సంస్థలు) శాస్త్రవేత్తలు శుద్ధి కేంద్రాల నీటితో నగరంలో వ్యాప్తిని అంచనా వేశారు. శుద్ధికి ముందు, నీళ్ళు లోపలికి వచ్చే చోట తీయాలి. 24 గంటల పాటు కొద్దికొద్దిగా పోగుచేసే యంత్రం ఉంటే సరే. లేకపోతే ఉదయం రద్దీ వేళ, ప్రతి వారం అదే రోజు, అదే సమయానికి ఒక లీటరు తీసి 4 డిగ్రీల పెట్టెలో తెండి.

చెత్త దిగేదాకా సెంట్రిఫ్యూజ్ చేసి, పైనీళ్ళు 40 మిల్లీలీటర్లకు 3.2 గ్రాముల పెగ్ 8000 (వైరస్‌ను అడుగుకు దించే రసాయనం), 0.7 గ్రాముల ఉప్పు (సోడియం క్లోరైడ్) కలిపి, కరిగాక 12,000 జి దగ్గర రెండు గంటలు తిప్పండి. అడుగున కనీకనిపించని మరక లాంటిది మిగులుతుంది. ట్యూబు ఏ వైపు బయటికి పెట్టారో ముందే గీత గీసుకోండి, లేకపోతే పైనీళ్ళతో పాటు దాన్నీ పారబోస్తారు.

నీళ్ళు ఎంత పలచబడ్డాయో తెలియడానికి మిరప మొక్కల వైరస్ ఒకదాన్ని (పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్) కొలుస్తారు. మిరప ఉత్పత్తులు తినేవాళ్ళ మలంలో అది దండిగా ఉంటుంది. మన దగ్గర దానికి కరువేమీ లేదు. వాన పడ్డ మర్నాడు అది పదింతలు పడిపోతే కరోనా తగ్గిందని రాయకండి, నీళ్ళు ఎక్కువయ్యాయి అంతే. సెప్టిక్ ట్యాంకులు, తెరిచిన కాలువలు ఉన్న మున్సిపాలిటీల్లో ఏ కాలువ ఏ వార్డుదో పారిశుద్ధ్య సిబ్బందిని అడిగి మ్యాపు గీసుకున్నాకే శాంపిల్ చోటు ఎంచుకోండి.

మురుగునీటి రీడ్ల నుంచి ఒక్క కన్సెన్సస్ తీసి ప్యాంగోలిన్‌కు ఇవ్వకండి. వందలమంది వైరస్‌లు కలిసి ఉన్న చోట ఒక్కో స్థానంలో ఎక్కువున్న అక్షరం ఏరితే, ఎవరిలోనూ లేని వైరస్ పుడుతుంది. ఫ్రెయా లాంటి ప్రోగ్రామ్ ప్రతి మార్పు ఎంత శాతం రీడ్లలో ఉందో చూసి, ఏ లీనియేజ్ ఎంత పాలు కలిసి ఉంటే అలా వస్తుందో లెక్కగడుతుంది. జీనోమ్‌లో 60 శాతమైనా కవర్ కాని వారం ఫలితాన్ని మేమైతే పక్కన పెడతాం.

ఫలితం చదవడం

సెంటినెల్ శాంపిళ్ళు 40లో 6 కొత్త రకం అయితే "15 శాతం" అని ఆగకండి, "7 నుంచి 29 శాతం మధ్య" అని రాయండి. ఒక్క వారం వాటా కన్నా పెరుగుదల వేగం ముఖ్యం. 5 శాతం నుంచి రెండు వారాల్లో 20 శాతానికి వెళ్తే, కొత్తదానికీ పాతదానికీ ఉన్న నిష్పత్తి సుమారు 6 రోజులకోసారి రెట్టింపవుతోందన్నమాట. పెరుగుతోందని చెప్పడానికి కనీసం మూడు వరుస వారాల అంకెలు ఉండాలి.

2021 మే నెలలో కర్నూలు పేరుతో "ఏపీ స్ట్రెయిన్" భయం దేశమంతా పాకింది. దాని వెనకున్నది ఎన్440కె అనే మార్పు. ల్యాబ్‌లో కణాల మీద అది ఎక్కువగా పెరిగిందన్న పరిశోధన నిజమే. కానీ కణాల పళ్ళెంలో పెరగడం వేరు, ఊళ్ళో పక్కవాడికి అంటుకోవడం వేరు. అప్పటికే ఆ రకం తగ్గుముఖం పట్టిందని, దాని స్థానంలోకి బి.1.617 వస్తోందని సీసీఎంబీ చెప్పింది. ఆ మాట చెప్పగలిగింది వారాల వారీ వాటాలు చేతిలో ఉండబట్టే.

ఇంట్లో ఇద్దరి జీనోమ్‌లు ఒకేలా ఉన్నాయని ఎవరి నుంచి ఎవరికి సోకిందో తేల్చకండి. వైరస్‌లో నెలకు సుమారు రెండు మార్పులే వస్తాయి కాబట్టి వారంలో సోకిన పదిమందికీ అదే జీనోమ్ ఉండొచ్చు. తేడాలు ఎక్కువుంటే మాత్రం "వీళ్ళు ఒకే గొలుసు కాదు" అని ధైర్యంగా చెప్పొచ్చు. చిన్న ఊరైతే ఊరి పేరు, వయసు, లింగం మూడూ కలిపి బయట పెట్టకండి, మనిషెవరో ఊరంతా పట్టేస్తుంది. జిసైడ్‌కు (జీనోమ్‌లు పంచుకునే అంతర్జాతీయ భాండారానికి) పంపేటప్పుడు జిల్లా దాకా చాలు.

మిగిలిన ఆర్‌ఎన్‌ఏను మైనస్ 80లో, ముడి రీడ్ల ఫైళ్ళను రెండు వేరు డిస్కుల్లో ఉంచండి. రెండు నెలల తర్వాత కొత్త లీనియేజ్‌కు పేరు పెట్టినప్పుడు పాత ఫైళ్ళను మళ్ళీ నడిపితే, అది మీ జిల్లాలో మొదట ఏ వారం, ఏ మండలంలో కనిపించిందో బయటపడుతుంది.